బొట్టుకీ బొట్టుకీ నడుమ

1944 ఫిబ్రవరిలో ఒక శుక్రవారం పొద్దున, ఆళ్లగడ్డలో ఆపరేషన్ బల్ల మీద రామానుజానికి నాడి తప్పింది. అప్పుడు అతనికి మత్తు ఇస్తున్నది అతని భార్య తమ్ముడు చక్రపాణి.

తప్పడమంటే ఆగడం కాదు. రెండు దెబ్బలు కొట్టి ఒకటి విడిచింది. మూడు కొట్టి ఒకటి విడిచింది. ఆ పైన ఎన్ని కొట్టి ఎక్కడ విడుస్తుందో అందకుండా కొట్టింది. చక్రపాణి ఎడమచేతి వేలు రామానుజం చెవి ముందు ఆడే నరం మీద ఉంది. కుడిచేతిలో క్లోరోఫారం సీసా ఉంది. ఆ క్షణంలో సీసా వంగి ఉంది.

డాక్టర్ దేవదానం గారికి నంద్యాలలో సొంత వైద్యశాల ఉండేది. శుక్రవారం శుక్రవారం ఆయన ఆళ్లగడ్డ వచ్చేవారు. చెన్నకేశవులు అనే రైతు తన పత్తి గిడ్డంగిలో ముందు గదికి సున్నం కొట్టించి ఆయనకు విడిచిపెట్టాడు. నర్సు మణెమ్మ, కాంపౌండరు చక్రపాణి ఆయన వెంట బస్సులో వచ్చేవారు. యుద్ధం రోజులు కాబట్టి పెట్రోలు దొరక్క బస్సు బొగ్గు మీద నడిచేది. ఎత్తు వచ్చినచోట జనం దిగి నడిచి, పైన మళ్లీ ఎక్కేవారు.

మత్తుకు ఈథర్ కూడా దొరికేది కాదు. దొరికినప్పుడు కూడా నంద్యాల ఎండకు రోగి పీల్చేలోపే గుడ్డ మీంచి ఎగిరిపోయేది. పక్కన స్టవ్ వెలుగుతుంటే అంటుకునేది. అందుకని క్లోరోఫారమే వాడేవారు. ముక్కూ నోరూ కప్పేలా తీగతో చేసిన ఒక చట్రం, దాని మీద గాజుగుడ్డ, గుడ్డ మీద బొట్లు. ఇచ్చే పద్ధతి అంతే. తక్కినదంతా ఏ బొట్టు ఎప్పుడు వేయాలన్నదే.

దేవదానం గారు దాన్ని చక్రపాణికి మొదటి రోజే చెప్పారు. మందు మొత్తానికి ఎక్కువైతే గుండె మెల్లగా కుంగుతుంది, అది చేతికి తెలుస్తుంది, ఆపితే లేస్తుంది. మందు హెచ్చుతగ్గులుగా పడితే మాత్రం, కాసేపు లేకుండా కాసేపు గుప్పున పడితే, గుండె గంతులు వేస్తుంది. రోగి ఇంకా పూర్తిగా నిద్రపోకుండా భయంతో ఉన్నప్పుడు ఇది మరీ ప్రమాదం. గంతులు వేసే గుండె చెప్పకుండా ఆగుతుంది. కాబట్టి ఎంత వేశావని నేను అడగను, ఎట్లా వేశావనే అడుగుతాను అన్నారాయన.

చక్రపాణి సమంగా వేసేవాడు. గోడ గడియారం చూసి వేసేవాళ్లు నంద్యాలలో ఉన్నారు, మనసులో అంకెలు లెక్కపెట్టుకుని వేసేవాళ్లు ఉన్నారు. అతను రెండూ చేసేవాడు కాదు. అహోబిలంలో చిన్నప్పుడు నేర్చిన పాశురాలనే తమిళ స్తుతి పద్యాలు లోపల చదువుకుంటూ, పాదానికి ఒక బొట్టు వేసేవాడు. అడుగు తప్పకుండా నడిచే ఆ పాఠం అతని చేతిలోకి దిగిపోయింది. అతను చేరినప్పటి నుంచి అతని వేలి కింద ఏ నాడీ తప్పలేదు. ఎట్లా లెక్క పెట్టుకుంటావని డాక్టరుగారు ఒకసారి అడిగితే అలవాటు అన్నాడు. ఆయన మళ్లీ అడగలేదు.

లోపల చదువుకోవడం ఒక్క బొట్ల కోసమే కాదు. అతనికి పెళ్లి కాలేదు. నంద్యాలలో స్టేషన్ దగ్గర ఒక గదిలో ఉండి వండుకు తినేవాడు. పని రోజంతా మనుషుల మధ్యే, కాని ఆ మనుషులు అతని చేతి కింద పడుకుని, ఏదో చెబుతూ చెబుతూ నిద్రపోయేవారు. అతనితో మొదలుపెట్టిన మాట ఎవరూ పూర్తి చేసేవారు కాదు. లేచాక కళ్లు తెరిచి తమవాళ్ల కోసం వెతికేవారు. పాఠం ఒక్కటే మొదలుపెట్టిన చోటి నుంచి చివరిదాకా అతనితో వచ్చేది.

అహోబిలంలో ఆ పాఠాన్ని గోష్ఠిగా చదువుతారు. స్వామి ముందు రెండు వరుసలు ఎదురెదురుగా నిలబడతాయి. ఒక వరుస పాశురంలో ముందు సగం చెప్పి ఆపుతుంది. ఆపీ ఆపకముందే ఎదుటి వరుస తక్కిన సగం అందుకుంటుంది. నడుమ ఖాళీ పడనివ్వకూడదు. పిల్లలకు మాటలకన్నా ముందు అదే నేర్పుతారు. ఖాళీ పడితే తప్పు ఆపినవాడిది కాదు, అందుకోనివాడిది. రామానుజం మొదటి వరుస, చక్రపాణి రెండో వరుస. పదేళ్ల వయసు నుంచి ఎదురెదురుగా నిలబడి, ఒకరి నోరు చూసి ఒకరు చదివినవాళ్లు.

తండ్రి పోయినప్పుడు చక్రపాణి అహోబిలం వెళ్లాడు. కర్మలు అయ్యాక ఒకరోజు గోష్ఠి వేళకు గుడికి పోయాడు. ఎవరైనా ఆలస్యంగా వస్తే వరుసలో ఉన్నవాళ్లు అడుగు పక్కకు జరిగి చోటిస్తారు. ఆ రోజు ఎవరూ జరగలేదు.  నంద్యాలలో అతను చేసే పని ఏమిటో, చీమూ నెత్తురూ ఎవరెవరివి ముట్టుకుంటాడో వాళ్లకు తెలుసు. అతను స్తంభం దగ్గర నిలబడి చివరిదాకా విని, మరుసటి పొద్దున బండి ఎక్కాడు. అది జరిగి ఏళ్లు గడిచాయి. అక్క రంగనాయకి గానీ బావ గానీ ఒక్కసారీ నంద్యాల రాలేదు.

ఆ శుక్రవారం బస్సు దిగేసరికి గిడ్డంగి ముందు ఎద్దులబండి ఉంది. బండిలో గడ్డి మీద రామానుజం పక్కకు ముడుచుకుని ఉన్నాడు. రంగనాయకి చక్రం పట్టుకుని నిలబడి ఉంది. చక్రపాణి ముందు ఆమె పాదాలు చూసి అక్క అనుకున్నాడు, తర్వాత ముఖం చూశాడు.

రామానుజానికి గజ్జల్లోకి పేగు జారడం పాత సంగతే. పడుకుంటే లోపలికి పోయేది. ఈసారి పోలేదు, బిగుసుకుంది. ముందు రోజు నుంచి వాంతులు. రాత్రంతా బండిలో వచ్చారు. దేవదానం గారు బండిలోనే చేయి పెట్టి చూశారు. నంద్యాల తీసుకుపోయేదాకా పేగు ఆగదని, ఇక్కడే కోయాలని చెప్పారు. మణెమ్మ స్టవ్ వెలిగించి నీళ్లు పెట్టింది.

రంగనాయకి తమ్ముడి దగ్గరికి వచ్చింది. బాగున్నావా అని అడగలేదు.

“మత్తు ఇచ్చేది నువ్వేనా చక్రీ?”

“నేనే.”

“ఇంకెవురూ లేరా?”

“లేరక్కా.”

ఆమె బండి వైపు చూసింది. “అయితే మీ బావను నీ చేతిలో పెడతాండా,” అంది. పోయి గోడ పక్కన కూర్చుంది.

బల్ల మీద పడుకోబెట్టాక రామానుజం చక్రపాణిని తలకిందులుగా చూశాడు. చక్రపాణి అతని తల వెనుక స్టూలు మీద కూర్చున్నాడు. కళ్లకు మందు తగలకుండా తడిబట్ట మడత పెడుతున్నాడు.

“మీసం గొరిగించుకున్నావే,” అన్నాడు రామానుజం. “ఆడపిల్ల మాదిరి ఉండావ్.”

“నువ్వు నోరు మూసుకుని పడుకో బావా.”

“మూసేదానికే గదా వచ్చింది.”

నవ్వబోయి నొప్పికి పళ్లు కొరికాడు. చక్రపాణి అతనికి చేయాల్సింది చెప్పాడు. ముక్కు మీద చట్రం పెడతారు, తియ్యటి వాసన వస్తుంది, ఊపిరి బిగబట్టకూడదు, ఒకటి నుంచి అంకెలు చెబుతూ పోవాలి. అంకెలు ఎక్కడ తడబడి ఆగితే అక్కడ నిద్ర వచ్చినట్టు లెక్క.

రామానుజం ముఖంలో నవ్వు పోయింది. “అంకెలెందుకు?”

“ఏదో ఒకటి చెప్తాండాల.”

“లేయకపోతే?”

చక్రపాణి తడిబట్ట అతని కళ్ల మీద పరిచాడు.

“అంకెలు నోట్లో పెట్టుకుని పోయేదానికి నేనేమన్నా కరణాన్నా? పాఠం చెప్పుకుంటా.”

దేవదానం గారు చేతులు కడుక్కుంటున్నారు. తల తిప్పకుండా అన్నారు, “చెప్పుకోనీప్పా. నోరు ఆడతా ఉంటే సాలు నాకు.”

చక్రపాణి చట్రం పెట్టాడు. మొదటి బొట్లు దూరం దూరంగా వేశాడు. రామానుజం మొదలుపెట్టాడు. గొంతు భయంతో సన్నగా వచ్చింది గాని అడుగు సరిగానే పడింది. ఆ అడుగు చక్రపాణి లోపల రోజూ నడిచేదే. బయటి నుంచి మరొకరి నోట వినడం మాత్రం తండ్రి కర్మల తర్వాత అదే మొదటిసారి. అతని చేయి దానితో కలిసింది.

ముందు సగం అయిపోయింది. రామానుజం ఆపాడు.

అతను మొదటి వరుస మనిషి. చిన్నప్పటి నుంచి అక్కడ ఆపడమే తెలుసు. ఆపి, ఊపిరి నిలిపి, ఎదుటి వరుస కోసం ఆగాడు.

చక్రపాణి అందుకున్నాడు.

పెద్దగా కాదు. పెదాలు కదిలేంత, రామానుజం చెవికి వినబడేంత. తక్కిన సగం చెప్పాడు. చెబుతున్నంతసేపూ పాదానికొక బొట్టు చొప్పున చేయి వేస్తూ పోయింది. గుడ్డ కింద ఊపిరి లేదు. బొట్లు గుడ్డలో నిలిచాయి. సగం ముగియగానే రామానుజం నిండా ఊపిరి తీసుకుని రెండో పాశురం ఎత్తుకున్నాడు. నిలిచిందంతా ఒక్కసారిగా లోపలికి పోయింది. అతను చెబుతున్నంతసేపూ చక్రపాణి వింటూ కూర్చున్నాడు. వింటున్నప్పుడు చేయి ఆగింది. వరుస మారగానే మళ్లీ కదిలింది.

రెండో పాశురం అట్లా సాగింది. మూడోది సాగింది. మత్తు ఎక్కుతున్న కొద్దీ రామానుజం గొంతు వేగమై, ఒక మాట మీద ఇంకో మాట పడింది. చక్రపాణి కూడా వేగం పెంచాడు. ఎదుటి వరుస పరుగెత్తితే ఈ వరుస వెనకబడకూడదు.  నాలుగో పాశురం నడుమ రామానుజం మాట ముద్దయింది, ఆగింది. దేవదానం గారు అతని కాలు గిల్లి చూసి, కదలకపోతే కత్తి పెట్టారు. చక్రపాణి తన సగం అందుకున్నాడు. చివరిదాకా చెప్పాడు. ఎదుటి వరుస మొదలుపెట్టలేదు. ఖాళీ పడకూడదని దాన్నీ అతనే అందుకున్నాడు.

అప్పటికి వేలి కింద నాడి తప్పి కొన్ని దెబ్బలు అయింది. అతనికి అది తెలిసేసరికి మణెమ్మ అంటోంది.

“పెదాలు నల్లబడతాండాయి.”

చక్రపాణి చట్రం తీసి నేల మీద పడేశాడు. దవడ ముందుకు గుంజి నాలుకను పట్టకారుతో బయటికి లాగాడు. దేవదానం గారు కోత మీద గుడ్డ అదిమి, బల్ల కాళ్ల వైపు కింద ఇటుకలు పెట్టమన్నారు. మణెమ్మ తలుపు తీసి బండివాణ్ణి కేకేసింది. ఇద్దరూ కలిసి బల్ల ఎత్తి ఇటుకలు దోపారు. రామానుజం తల కిందికి వాలింది. చక్రపాణి అతని రెండు చేతులూ పట్టి తలపైకి సాగదీశాడు, తిరిగి రొమ్ము మీదికి మడిచి అదిమాడు. మళ్లీ సాగదీశాడు. గదిలో స్టవ్ చప్పుడు తప్ప ఏమీ లేదు. తెరిచిన తలుపులోంచి రంగనాయకి కనబడింది. ఆమె లేచి నిలబడింది గాని లోపలికి రాలేదు.

నాడి పట్టుకున్నది మణెమ్మ. ఆమె అప్పుడప్పుడు “ఉండాది” అంటోంది, అప్పుడప్పుడు ఏమీ అనడం లేదు. ఏమీ అననప్పుడు చక్రపాణి ఆమె ముఖం చూడలేదు. చేతులు సాగదీసి మడవడమే చేశాడు.

రామానుజం ఒక్కసారి గురకలా ఊపిరి తీశాడు. కొంత ఆగి ఇంకొకటి తీశాడు. తర్వాతవి వాటంతట అవి వచ్చాయి. మణెమ్మ “ఉండాది, ఉండాది” అంటూ పోయి, చివరికి “సరిగా కొడతాండాదయ్యా” అంది.

దేవదానం గారు అప్పుడు చక్రపాణి వైపు చూశారు.

“నువ్వు జవాబు చెప్తాంటివి.”

“అవునయ్యా.”

“ఆయన ఆగినప్పుడంతా పోసినావు.”

“అవును.”

ఆయన కోపపడలేదు. గుడ్డ ఎత్తి కోత చూశారు. పేగు బిగువు ఇంకా విడదీయలేదు. ఇప్పుడు మూస్తే రేపటికి మనిషి ఉండడు. తిమ్మిరి సూది మందు అయిపోయి నెల దాటింది, మద్రాసు నుంచి రాలేదు. మణెమ్మకు మత్తు ఇవ్వడం రాదు. ఇవన్నీ గదిలో ముగ్గురికీ తెలుసు.

“సీసా మళ్లీ పట్టుకుంటావా?” అన్నారు.

“పట్టుకుంటా.”

“దేంతో లెక్క పెడతావ్?”

చక్రపాణి బల్ల మీదికి వంగాడు. రామానుజం రొమ్ము వైపు చూశాడు. అది లేస్తోంది, పడుతోంది.

“ఆయన ఊపిరితోనే. పీలిస్తే వేస్తా. పీల్చకపోతే వేయను.”

చట్రానికి కొత్త గుడ్డ కట్టాడు. మొదటిసారి కన్నా దూరంగా పట్టాడు. రొమ్ము లేచింది, బొట్టు వేశాడు. పడింది, ఆగాడు. లేచింది, వేశాడు. ఒకచోట ఊపిరి మందగించి ఆలస్యమైంది. ఆ ఖాళీలోకి పాఠం దానంతట అది ఎత్తుకోబోయింది. నాలుక పైకి లేవడం అతనికి తెలిసింది. పళ్ల నడుమ నాలుక కొరికి పట్టాడు. రొమ్ము లేచాక వేశాడు. మళ్లీ ఎత్తుకోబోయింది, మళ్లీ కొరికాడు. ఆ పని చేయడం మొదలుపెట్టిన నాటి నుంచి లోపల ఏమీ లేకుండా స్టూలు మీద కూర్చోవడం అదే మొదలు. కత్తెర చప్పుడు వినిపించింది. బయట ఎద్దు మెడ తిప్పితే గంట వినిపించింది. డాక్టరుగారు ఊపిరి పీల్చడం కూడా వినిపించింది. ఇవన్నీ రోజూ ఉండేవే, ఇన్నాళ్లూ అతను వినలేదు.

పేగు పూర్తిగా నల్లబడలేదు. వేడినీళ్ల గుడ్డ పెట్టి చూస్తే రంగు తిరిగింది. దేవదానం గారు దాన్ని లోపలికి తోసి కుట్లు వేశారు. నాడి మళ్లీ తప్పలేదు.

చక్రపాణి బయటికి వచ్చినప్పుడు నోట్లో నెత్తురు ఉంది. ఉమ్మేసి పుక్కిలించి అక్క దగ్గరికి పోయాడు.

“ఏమైంది లోపల?” అంది రంగనాయకి.

“ఒకసారి నాడి తప్పింది. నా వల్లనే.”

“ఇప్పుడు?”

“సరిగా ఉండాది.”

ఆమె అతని ముఖం చూసింది. తర్వాత లోపలికి పోయింది.

డాక్టరుగారు, మణెమ్మ సాయంత్రం బస్సుకు నంద్యాల వెళ్లారు. పేగు కదిలేదాకా ఉండమని చక్రపాణిని ఆళ్లగడ్డలో వదిలారు. రంగనాయకి గిడ్డంగి వెనుక మూడు రాళ్లు పెట్టి వంట చేసింది. ముందు భర్తకు గంజి, తర్వాత తమ్ముడికి అన్నం. ఆకు వేసి వడ్డించి పక్కన కూర్చునేది. అహోబిలంలో ఎవరి ఇంట్లో ఏం జరిగిందో చెప్పేది. నంద్యాల గురించి ఏమీ అడిగేది కాదు. అతనూ చెప్పేవాడు కాదు. ఒకసారి మాత్రం, నువ్వే వండుకుంటావా, అని అడిగింది. అవునంటే, పప్పులో ఉప్పెంత వేస్తావో చూపించమంది. అతను వేళ్లతో చూపించాడు. ఎక్కువ అంది.

మూడో రోజుకు రామానుజం కూర్చోగలిగాడు. చక్రపాణి కట్టు మారుస్తుంటే పైకప్పు చూస్తూ మాట్లాడాడు.

“నువ్వు అందుకున్నావు. నేను విన్నా.”

“అవును.”

“మీ నాయన ఉన్నప్పుడు చదివినట్లే చదివినావు. యాడా పోలేదు నీకు.”

చక్రపాణి దూది మార్చాడు. అప్పుడు జరిగింది చెప్పాడు. ఊపిరి బిగబట్టినప్పుడు బొట్లు నిలవడం, నిలిచింది ఒక్కసారిగా పోవడం, గుండె గంతులు వేయడం, చేతులు సాగదీయడం, అన్నీ వరుసగా చెప్పాడు. రామానుజం అడ్డు పడకుండా విన్నాడు.

“అంటే నేను ఆగేది తప్పు,” అన్నాడు.

“ఆగేది నీ తప్పు గాదు. అందుకున్నోడిది.”

“అందుకోకుండా ఉంటే బాగుండునా?”

“ఆ బల్ల మీద, బాగుండును.”

రామానుజం తల దించి కుట్లు చూసుకున్నాడు. తర్వాత పొట్ట పట్టుకుని అన్నాడు, “నీ పాఠానికి నా గుండె ఆగబోయిందని ఊర్లో చెప్తే నిన్ను ఇంగ గుడి మెట్టు గూడా ఎక్కనీరు.” నవ్వాడు. కుట్టు లాగితే ఆగాడు. “చెప్పన్లే. నువ్వు రా. ఫాల్గుణంలో ఉత్సవానికి రా. నా ఎదురుగా నిలబడు. ఎవురు ఏమంటారో నేను చూస్తా.”

“నువ్వేం చూస్తావు.”

“ఈ పొట్ట చూపిస్తా. వీని చేతిలో సచ్చి బతికినా, మీకేం నొప్పి అంటా.”

చక్రపాణి కట్టు బిగించి ముడి వేశాడు.  పేగు కదిలింది. తర్వాతి శుక్రవారం కుట్లు తీశాక బండి కట్టారు. బండి కదిలేటప్పుడు రంగనాయకి “రాకపోతే నేనే వచ్చి చెవి పట్టుకుని తీసకపోతా” అంది. బండి మలుపు తిరిగేదాకా అతను గిడ్డంగి ముందు నిలబడ్డాడు.

నంద్యాలలో ఆపరేషన్లు మామూలుగా సాగాయి. అతను ఊపిరి చూసి బొట్టు వేశాడు. డాక్టరుగారు ఒకటి రెండు రోజులు తల ఎత్తి చూసి, తర్వాత చూడటం మానేశారు. లోపల పాఠం ఎత్తుకోబోతే చక్రపాణి నాలుక కొరికేవాడు. కొన్నాళ్లకు కొరకాల్సిన పని తగ్గింది. గదికి వచ్చి వండుకునేటప్పుడు కూడా అతను చదువుకోవడం మానేశాడు. పొయ్యి మీద ఎసరు మరిగే చప్పుడు వింటూ కూర్చునేవాడు.

ఫాల్గుణం వచ్చింది. అహోబిలం నుంచి నంద్యాల సంతకు వచ్చిన మనిషి రామానుజం చెప్పిన మాట తెచ్చాడు. ఫలానా రోజు పొద్దుటి గోష్ఠికి ఉండాలి, ముందు రోజే ఇంటికి రావాలి. చక్రపాణి సెలవు అడిగాడు. దేవదానం గారు ఎందుకని అడగకుండానే ఇచ్చారు. చక్రపాణి పంచె ఉతికి ఆరేశాడు.

ఆ సాయంత్రం గదిలో ఖాళీ మందుసీసా ఒకటి తీసుకుని నీళ్లు నింపాడు. బొట్టు బొట్టుగా కారేలా బిరడాకు గాడి కోసి వత్తి పెట్టాడు. చెంబు మూతికి గుడ్డ కట్టి ముందు పెట్టుకున్నాడు. పాఠం పైకి చదివాడు. గుడిలో ఎదుటి వరుస ఎట్లా చెబుతుందో అట్లా ముందు సగం, తర్వాత తన సగం. సీసా వంచి, చేతిని దాని మానాన వదిలి, గుడ్డ వైపు చూస్తూ చదివాడు. ముందు సగం సాగుతున్నంతసేపూ బొట్టు పడలేదు. తన సగం రాగానే పడ్డాయి. మళ్లీ మొదటి నుంచి చదివాడు, ఈసారి చేతిని సమంగా ఉంచాలని చూశాడు. ఒక పాశురం నిలిచింది, రెండోదానికి చేయి విడిపోయింది. ఆళ్లగడ్డకు ముందు ఏళ్ల తరబడి అట్లా జరగలేదు. ఒక్కసారి ఎదురుగా గొంతు వినిపించాక జరిగింది. అతను సీసా కింద పెట్టాడు.

పొద్దున పంచె మడిచి పెట్టెలో పెట్టి వైద్యశాలకు పోయాడు. దేవదానం గారు అతన్ని చూసి కళ్లద్దాలు తీశారు.

“బస్సు పోలేదా?”

“పోయింది. నేను ఎక్కలా.”

“ఏందప్పా, ఒకటి రెండు దినాలే గదా. ఈడ కేసులు ఆపుకుంటా.”

“పోయి మా బావ ఎదురుగా నిలబడి చదివితే అది మళ్లీ చేతిలోకి వస్తాదయ్యా.”

“వస్తే మళ్లీ పోగొట్టుకో.”

“పోగొట్టుకునేలోపల నా చేతి కింద ఎవురో ఒకరు ఉంటారు గదా. బల్ల మీద.”

దేవదానం గారు కళ్లద్దాలు పెట్టుకున్నారు. అహోబిలానికి ఏమని కబురు పంపుతావని అడిగారు. పని పడిందని చెప్పి పంపుతాను అన్నాడు చక్రపాణి. ఆ మధ్యాహ్నం ఆళ్లగడ్డ పోయే బస్సు కండక్టరుకు ఆ మాటే చెప్పాడు. కండక్టరు దాన్ని ఆళ్లగడ్డలో అహోబిలం బండివాళ్లకు చెప్పాడు. అది రామానుజానికి అందింది.

గోష్ఠి జరిగిన రోజు పొద్దున నంద్యాలలో రెండు ఆపరేషన్లు జరిగాయి. ఒకరు రైల్వే కూలీ, ఒకరు నందికొట్కూరు నుంచి వచ్చిన కమలాక్షమ్మ అనే రైతు ఇల్లాలు. ఇద్దరికీ చక్రపాణే మత్తు ఇచ్చాడు. మధ్యాహ్నానికి ఇద్దరూ తెలివిలోకి వచ్చారు.